హమ్రాకు మూడు నీళ్లు

మా బిల్డింగు లిఫ్టులో ఈ మధ్య ఒక డబ్బా బిగించారు. అది ఉండుండి చీదుతుంది. చీదినప్పుడల్లా మల్లెపూల వాసన వస్తుందని వాచ్‌మన్ అంటాడు. నాకు మాత్రం ఆసుపత్రి వరండాలో ఎవరో మల్లెపూలు పెట్టుకుని తిరిగినట్టు ఉంటుంది. పైగా అది ఊరికే చీదదు, గురి చూసి చీదుతుంది. కూరగాయల సంచితో ఎక్కితే ఇల్లు చేరేసరికి వంకాయలు కూడా పెళ్లికి తయారైనట్టు ఉంటాయి. రెండుసార్లు ఫిర్యాదు చేశాను. వంటల వాసన వస్తోందని అందరూ అంటున్నారు మేడమ్ అన్నాడు. అందరూ అంటే ఎవరని అడిగితే లిఫ్టు కప్పు వైపు చూశాడు. బహ్రెయిన్‌లో జింజ్ అనే ఈ పేటలో, ఈ బిల్డింగులో అందరికంటే పాత కాపురం మాది కాబట్టి ఆ అందరిలో నేను లేనని మాత్రం గట్టిగా చెప్పగలను. నేను వచ్చిన కొత్తలో ఈ లిఫ్టుకు అంకెలు వెలిగేవి కావు. తలుపు తెరుచుకోగానే ముక్కుతో చూసుకుని దిగేవాళ్లం. కొబ్బరినూనెలో ఆవాలు చిటపటలాడితే మూడో అంతస్తు. బగారా అన్నం అయితే నాలుగు, అక్కడ ఒక హైదరాబాదు డ్రైవరు కుటుంబం ఉండేది. శుక్రవారం నాడు చింతపండు, మెంతులు, చేప కలిసి వాసన వచ్చిందంటే అది రెండో అంతస్తు, అంటే మేము.

ఆ రెండో అంతస్తు నాకు ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం లిఫ్టు కాదు. పోయిన వారం ట్రినిడాడ్ నుంచి ఒక ఫోను వచ్చింది. జాయిస్ మేడమ్ నిద్రలోనే కన్నుమూసిందని వాళ్లమ్మాయి చెప్పింది. ఆమె ఇక్కడే అద్లియాలో చిన్న రెస్టారెంటు నడిపి, కాళ్లు మొరాయించాక దాన్ని మూసేసి, సొంత దేశం వెళ్లిపోయి చాలా కాలమైంది. ట్రినిడాడ్ ఎక్కడుందో నాకు తెలియని రోజుల్లో ఆమె నాకు పరిచయం. డిగ్రీలో నేను చరిత్ర, రాజనీతి శాస్త్రం చదివాను. ట్రినిడాడ్ ఆ రెంటిలోనూ రాలేదు. ఫోను పెట్టేశాక ఏడుపు వస్తుందేమోనని కాసేపు కూర్చుని చూశాను. రాలేదు. లేచి మనామా చేపల మార్కెట్టుకు వెళ్లి ఒక హమ్రాను కొన్నాను. స్నాపర్ అనే ఎర్ర చేపకు ఇక్కడి పేరు అది. కొట్టు కుర్రాడు తల తీసేసి, ముల్లు లేకుండా పలకలుగా కోసివ్వనా అని అడిగాడు. ఇప్పుడు అందరూ అలాగే కొంటున్నారట. తల ఉంచమన్నాను. అతను నావైపు చూసిన చూపులో నా వయసు నాకు సరిగ్గా కనిపించింది.

అప్పటికి మా పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. మా ఆయన రమేశ్ ఏసీ మెకానిక్. కంపెనీ లెక్కలో అతని జీతం పెళ్లాన్ని తెచ్చుకుని ఉంచుకునేంత కాదు, చుట్టంగా పిలుచుకునేంత. అందుకని నేను నా మొగుడి ఇంటికి విజిట్ వీసా మీద వచ్చాను. ఒక గది, ఒక వంటిల్లు, వంటింట్లో గిన్నెలు దాచుకోవడానికి ఓవెన్ ఉన్న గ్యాస్ పొయ్యి. ఆ ఓవెన్‌లో మంట కూడా వస్తుందని చాలాకాలం మాకు తెలియదు. వీసాను ఒకసారి పొడిగించారు, బతిమాలితే ఇంకోసారి పొడిగించారు. ఇక కుదరదు, నెలాఖరుకు ఖలాస్ అని చెప్పారు. నెలాఖరున నేను విమానమెక్కాలి. మళ్లీ ఎప్పుడొస్తానో రమేశ్‌కు తెలియదు, కంపెనీకి తెలియదు. గట్టిగా తెలిసిన మనిషి ఒక్క మామే.

మామ అంటే రమేశ్ వాళ్ల నాన్న, రాజలింగు. ఆయనా బహ్రెయిన్‌లోనే ఉండేవాడు. సెంట్రింగు పని, కంపెనీ క్యాంపులో బస. ధర్మపురి అవతల గోదావరి ఒడ్డున పుట్టి, వల విసిరి పెరిగి, ఏట్లో నీళ్లు, చేపలు రెండూ తగ్గిపోయాక దుబాయి వచ్చాడు. బహ్రెయిన్ ఆయన లెక్కలో దుబాయిలో ఒక వాడ. శుక్రవారం పొద్దున్నే చేపల మార్కెట్టుకు వెళ్లి, ప్రతి చేప చెంపా ఎత్తి చూసి, అమ్మేవాళ్లందరినీ భాయ్ అంటూనే అవమానించి, ఒక చేపను పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, ఊరి నుంచి పెట్టెలో తెచ్చుకున్న కత్తిపీట ముందు కూర్చునేవాడు. పొలుసు తీయడం, కోయడం, ఉప్పు పసుపు పట్టించి మూడు నీళ్లు కడగడం, పులుసు పెట్టడం, అన్నీ ఆయనవే. గంజులో ముక్కలు పడ్డాక గరిటె అనే వస్తువు ఆయన ఉన్న గదిలోకి రాకూడదు. రెండు గుడ్డలతో గంజు అంచులు పట్టుకుని, పిల్లను ఊపినట్టు గుండ్రంగా తిప్పేవాడు. ఆ తిప్పడం ఒక్కటే నాకు నేర్పాడు. మిగతాది నేర్పనవసరం లేదనుకున్నాడో, లాభం లేదనుకున్నాడో అడగలేదు. మాదీ చేపలు పట్టే కులమే. కాని మా నాన్న వల వదిలేసి జగిత్యాల డిపోలో కండక్టరై, మమ్మల్ని టికెట్ల మీద పెంచాడు. కత్తిపీట ముందు కూర్చుంటే నాకు భయం ఆ చేప గురించి కాదు, నా వేళ్ల గురించి.

సముద్రపు చేపంటే మామకు చులకన. రవ్వ, బొచ్చె, కొర్రమట్ట, ఇవి చేపలు. హమ్రా, హామూర్ వగైరాలు దొరక్క తినేవి. "సముద్రపు చేపకు పులుపు, కారం ఏది తగలదు బిడ్డా, పుట్టుడే ఉప్పుల పుట్టింది" అనేవాడు. అంటూనే రెండో మారు అన్నం పెట్టించుకునేవాడు. తినేటప్పుడు మాట్లాడకూడదు, ముల్లు గుచ్చుకుంటుంది. తిన్నాక మాత్రం ఒక కప్పు సులేమానీ టీ, ఒక బీడీ, తరవాత నా ప్రయాణం గురించి ముచ్చట. వీసా సంగతి తెలిసిన నాటి నుంచి ఆయన ప్రతి శుక్రవారం చేపతోపాటు నా పెట్టెలోకి ఏదో ఒకటి తెచ్చేవాడు. ఒక వారం సబ్బులు, ఒక వారం బామ్ సీసాలు, ఒక వారం పులి బొమ్మ ఉన్న దుప్పటి. గది మూలన అట్టపెట్టె ఒకటి తయారవుతూ ఉండేది. వారం వారం అది లావెక్కుతుంటే నేను చిక్కిపోయేదాన్ని. మరో తాడు కట్టాల్సి వచ్చిన రోజున, నాకు వెళ్లాలని లేదు మామా అన్నాను.

"పోతే ఏమైతది బిడ్డా?" అన్నాడు, తాడు ముడి పళ్లతో బిగిస్తూ. "మీ అత్త ఉంటలేదా?"

కోపంగా అనలేదు, ఎండాకాలం ఉక్కపోస్తుందని చెప్పినంత మామూలుగా అన్నాడు. అత్త నిజంగానే ఉంటోంది. పెళ్లయిన కొత్తలో నేను కొన్ని నెలలు ఆమె దగ్గర ఉన్నాను. తక్కువ మాటల మనిషి. మామ రెండేళ్లకోసారి వచ్చినప్పుడు ఆ నెల రోజులూ పూటకో రకం చేప వండేది. ఆయన వెళ్లిన మర్నాడు గంజును బూడిదతో తోమి అటక మీద పెట్టేసేది. ఒక్కతికి చేపెందుకు అనేది. ఆ అటకను చూసి వచ్చినదాన్ని కాబట్టి, ఏం చేసైనా సరే ఇక్కడే ఉండాలని నేను గట్టిగా అనుకున్నాను. ఏం చేయాలో మాత్రం తెలియదు. పట్టుదల అనేది నాలో అప్పటికి ఖాళీ గంజులాంటిది, పొయ్యి మీద ఉంది, లోపల ఏమీ లేదు.

అందులో చేప వేసింది రమేశ్. అద్లియాలో ఒక రెస్టారెంటు ఏసీ బాగు చేయడానికి వెళ్లి, ఆ యజమానురాలికి వంటింట్లో మనిషి కావాలని, పని వచ్చిన వాళ్లకు వీసా కూడా తానే ఇస్తుందని విన్నాడు. ఏసీ దగ్గర నిచ్చెన మీద ఉన్నవాడు అక్కడి నుంచే, మా ఆవిడ చేప వండితే మించిన వాళ్లు లేరు, మేము పుట్టుకతోనే చేపల వాళ్లం అని చెప్పాడు. అంటే కులం చెప్పి నాకు ఉద్యోగం మాట్లాడాడు. ఇంటికొచ్చి ఈ మాట చెప్తే, నాకు చేప కోయడమే రాదు కదా అన్నాను. ఇంకా టైముంది అన్నాడు. మా ఆయనలో నాకు నచ్చే గుణం అది, నీళ్లు కారుతున్న ఏసీని చూసి కూడా అదే అంటాడు.

జాయిస్ మేడమ్ భారీ మనిషి. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, పూల గౌను, కళ్లజోడు మెడలో వేలాడేది కాని కళ్లకు ఎప్పుడూ పెట్టుకునేది కాదు. భర్త ఇక్కడి ఓడరేవులో ఇంజనీరుగా చేసి చనిపోతే, ఇంటికి వెళ్లకుండా ఉండిపోయి తన దేశపు వంటలు అమ్మడం మొదలుపెట్టింది. జుఫైర్‌లోని అమెరికా నేవీ వాళ్లు గుంపులుగా వచ్చి తినేవారు. నన్ను మూడు పూటలు తన వంటింట్లో నిలబెట్టి వంట చూపించింది. ఆమె అన్నిటికీ పచ్చ మసాలా ఒకటి నూరేది. అందులో కొత్తిమీర, ఉల్లికాడలు, వెల్లుల్లి, ఇంకా ఒక మందపాటి ఆకు ఉండేవి. ఆ ఆకును తన దేశం నుంచి తెచ్చిన నిధిలాగా కుండీలో పెంచుతోంది. తీరా చూస్తే వామాకు. జగిత్యాలలో మా ఇంటి వెనక గోడ పక్కన అడ్డదిడ్డంగా పెరిగేది, దగ్గొస్తే నమలమని మా నాయనమ్మ నోట్లో కుక్కేది. ఆ మాట నేను ఆమెతో అనలేదు. పని అడగడానికి వెళ్లి యజమాని నిధిని దగ్గుమందు అనకూడదని డిగ్రీ లేని వాళ్లకు కూడా తెలుస్తుంది.

చేపను తలతో సహా మొత్తంగా వండాలి. ఒళ్లంతా గాట్లు పెట్టి, పచ్చ మసాలా రాసి, రాత్రంతా నాననిచ్చి, మర్నాడు ఓవెన్‌లో కాల్చి, మీద మామిడికాయ, అనాస ముక్కల పచ్చడి పరచాలి. అది కాకుండా రోజువారీ గిరాకీకి ఆమె ఇంకొకటి చేసేది, చేప ముక్కలు వేయించి కొబ్బరిపాలలో ఉడికించడం. లాంతరులా ముడుచుకుని ఉండే పసుపుపచ్చ మిరపకాయ ఒకటి కోయకుండా అందులో తేలనిస్తుంది. కాయ తేలితే పులుసుకు మంచి వాసన వస్తుంది, పొరపాటున పగిలితే ఆ పూట ఎవరూ తినలేరు. ఇదంతా చూపించాక నాకు ఒక సీసా పచ్చ మసాలా, రెండు మిరపకాయలు ఇచ్చి, శుక్రవారం మీ ఇంటికే భోజనానికి వస్తానంది. హోటల్ వంటింట్లో ఎవరైనా బుద్ధిగానే ఉంటారట, మనిషిని సొంత పొయ్యి దగ్గర చూడాలట. నచ్చితే పని, నచ్చకపోతే భోజనం పెట్టినందుకు థాంక్స్. ఆ శుక్రవారం తరవాతి బుధవారం నా విమానం.

ఆ వారం నేను సాధన చేశాను. ఓవెన్‌లోంచి గిన్నెలు తీసి మంచం మీదికి మార్చాం, మేం నేల మీదికి మారాం. మొదటి చేప పైన బొగ్గు, లోపల పచ్చి. రెండోది విడదీస్తే కంటితో నావైపు చూసింది, దాన్ని తిప్పి పెట్టేసరికి రెండు ముక్కలైంది. మూడోది తినేలా ఉందని రమేశ్ అన్నాడు, కాని అతను మొదటిదాన్ని కూడా అలాగే అన్నాడు. నాలుగోది నిజంగానే బాగా వచ్చింది. తొక్క పెళపెళలాడింది, లోపల తెల్లగా పొరలు పొరలుగా విడివడింది, మామిడికాయ పులుపు దానికి ఎందుకు కావాలో నా నాలుకకు మొదటిసారి అర్థమైంది. గురువారం సాయంత్రం ఒక పెద్ద హమ్రా తెచ్చి, పొలుసు తీయించి, కుళాయి కింద కడిగి, గాట్లు పెట్టి, సీసాలో మిగిలిన మసాలాలో సగం పైగా దాని ఒంటికి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. పెట్టి, దాని మీద మూత వేసి, కాసేపు అక్కడే నిలబడ్డాను. నా వీసాను నేను ఫ్రిజ్‌లో పెట్టి చూసుకుంటున్నట్టు ఉండింది.

శుక్రవారం పొద్దున రమేశ్ మేడమ్‌ను తీసుకురావడానికి అద్లియా వెళ్లాడు. నేను తలంటుకోవడానికి వెళ్లాను. ఇంటికి పెద్దమనిషి వస్తోందని తెలిసి, సాయం చేద్దామని మామ మార్కెట్టుకు వెళ్లకుండా మామూలు కంటే ముందే వచ్చాడు. తలకు తువ్వాలు చుట్టుకుని నేను బయటికి వచ్చేసరికి ఆయన చొక్కా మేకుకు ఉంది. కత్తిపీట తడిగా ఉంది. పళ్లెంలో చేప ముక్కలు పసుపు రంగులో వరసగా మెరుస్తున్నాయి. తల నిలువునా రెండు చెక్కలై పక్కన ఉంది. గిన్నెలో చింతపండు నానుతోంది.

"మామా, ఫ్రిజ్‌ల చేప ఉండె గదా" అన్నాను. తెలుస్తూనే ఉంది, అయినా అడిగాను.

"ఇగో, గిదే. దానికి పాచి వట్టింది బిడ్డా, ఒళ్లంత పచ్చగ. మూడు నీళ్లు కడిగినంక గని పోలే."

"అది పాచి గాదు మామా. మసాలా."

ఆయన పళ్లెం వైపు, నా వైపు చూశాడు. "మసాలా ఎర్రగుంటది" అన్నాడు.

జీవితమంతా చెరువులో, ఏట్లో చేపను చూసిన మనిషి. పచ్చగా జిగురు పట్టిన చేప అంటే ఆయనకు ఒకటే అర్థం, మురిగిన నీళ్లలో చచ్చిపడింది. కోడలికి చేపల సంగతి తెలియదు, అతిథి ముందు పరువు పోతుంది అనుకుని ఉంటాడు. నేను వెళ్లిపోవాలని కావాలనే చేశాడా అన్న అనుమానం నాకు రాలేదని మాత్రం చెప్పను. వచ్చింది. మూలనున్న అట్టపెట్టె వైపు చూశాను. మార్కెట్టు కట్టేసే వేళ, నమాజు వేళ, చేతిలో ఉన్నది గంటన్నర. చేపను తిరిగి అతికించే మార్గం నేను చదివిన చరిత్రలో లేదు. అనుమానం తరవాత పడొచ్చు, ముందు అన్నం వండాలి అనుకున్నాను. పళ్లెం ఇలా ఇవ్వమన్నాను.

"పులుసు వెడుదాం" అన్నాడు. "ఎవ్వలచ్చినా పులుసు తింటరు."

"పులుసు పెట్టేటోళ్లు ఆమెకు అక్కర్లేదు మామా."

"గట్లయితే ఆమెకు చేపనే అక్కర్లేదు" అన్నాడు. కాని పళ్లెం ఇచ్చాడు.

సీసాలో మిగిలిన మసాలా గీకి ముక్కలకు రాశాను. అది నానే సమయం లేదని నాకూ తెలుసు, దానికీ తెలుసు. ముక్కలు వేయించాను. ఉల్లి, టమాట, వెల్లుల్లి మగ్గనిచ్చి, డబ్బా మూత తీసి కొబ్బరిపాలు పోశాను. అంతవరకు బీడీ కోసం తలుపు దగ్గర నిలబడ్డ మామ లోపలికి వచ్చేశాడు. చేప మీద పాలు పోస్తే బొల్లి వస్తుందని ఆయన నమ్మకం, మా ఊరందరి నమ్మకం, నా డిగ్రీ పూర్తయ్యేవరకు నా నమ్మకం కూడా. ఇవి కొబ్బరిపాలు మామా అన్నాను. తెల్లగున్నది ఏదైనా చేపకు పడదన్నాడు. నేను తినను, ఆమెకు మచ్చలొస్తే పోలీసులొస్తరు, గప్పుడు నన్ను అడుగకు అన్నాడు. సరే అన్నాను. మిరపకాయను మెల్లగా పాల మీద వదిలాను. ముక్కలు, రెండు తలచెక్కలు ఆ పాలలోకి జారవిడిచాను. ఆ తరవాత చేయి దానంతటదే గరిటె కోసం వెళ్లలేదు. రెండు గుడ్డలు తీసుకుంది. మళ్లీ తలుపు దగ్గరికి చేరిన మామ అక్కడి నుంచే చూస్తూ, ఎడమకు ఇంకింత వంచు అన్నాడు. తినను అన్న మనిషి తిప్పడంలో తప్పు వస్తే మాత్రం చూడలేకపోయాడు.

జాయిస్ మేడమ్ కుర్చీ సరిపోదని, గిన్నెలు తీసేసిన మంచం మీద కూర్చుంది. మూత తీయగానే మొత్తం చేప ఏదని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కడిగింది ఎవరంది. మామ తనను చూపించుకుని, హిందీలో, మై ధోయా అన్నాడు, నిటారుగా, నేరం ఒప్పుకుంటున్నట్టు కాదు, ఇల్లు కట్టింది నేనే అన్నట్టు. ఆమె నావైపు తిరిగి, మసాలా రాసే ముందు నువ్వు నిమ్మకాయతో రుద్ది కడిగావా అని అడిగింది. కుళాయి కింద కడిగానన్నాను. నిమ్మకాయ లేకుండా కుళాయి కింద కడిగిన చేపను తమ ఊళ్లో కుక్క కూడా ఆలోచించి తింటుందని, ఈయన కడిగి మంచి పని చేశాడని, కాకపోతే ఒక రోజు ఆలస్యంగా చేశాడని అంది. రమేశ్ దీన్ని తర్జుమా చేస్తే మామ మొదటిసారి ఆమె వైపు మర్యాదగా చూశాడు. రెండు ఖండాల పెద్దలు నా మీద ఒక మాట మీదికి రావడం అదే ఆరంభం.

తరవాత ఆమె తలచెక్క ఒకటి తన పళ్లెంలోకి తీసుకుంది. మా ఇంట్లో తల మామది. బహ్రెయిన్‌లో అప్పటిదాకా దానికి పోటీ వచ్చిన వాళ్లు లేరు. ఆమె దవడ విరిచి, చెంప కండ తీసి, కంటి చుట్టూ శుభ్రంగా చీకుతుంటే ఆయన ముద్ద కలపకుండా చూస్తూ ఉండిపోయాడు. చివరికి రెండో చెక్క తీసుకుని లేచాడు. వంటింట్లోకి వెళ్లి, కుళాయి కింద పెట్టి, దాని పాలన్నీ పోయేదాకా కడుక్కుని, తెచ్చుకుని తిన్నాడు. చేప మంచిదే అన్నాడు. ఆ చేప మొత్తం మీద ఆ రోజు పడ్డ నీళ్లు గోదావరికి ఇచ్చినా సరిపోయేవి.

జాయిస్ మేడమ్ తిన్నంతసేపూ నేను ఆమె మొహం చూడకుండా అట్టపెట్టె చూశాను. చేయి కడుక్కున్నాక ఆమె మాట్లాడింది. రుచి చాలదట. మసాలా నీళ్లలో పోయిందట. ఉప్పు ఇద్దరు వేశారని తెలుస్తోందట. ఇవన్నీ ఆమె కూరగాయల బేరం చేస్తున్నట్టు చెప్పింది. తరవాత గంజు దగ్గరికి తీసుకుని కళ్లజోడు పెట్టుకుంది. ఆమె దాన్ని కళ్లకు పెట్టుకోవడం నేను మొదటిసారి చూడటం. ముక్క ఒక్కటి కూడా విరగలేదు, మిరపకాయ పగల్లేదు, గరిటె ఏదని అడిగింది. గరిటె లేదన్నాను. లేకుండా ఎలా అంది. రెండు గుడ్డలు తెచ్చి, మిగిలిన పులుసుతో గంజు తిప్పి చూపించాను. ఇంకోసారి అంది. తిప్పాను. ఆమె దగ్గర పనిచేసినవాళ్లంతా గరిటె పెట్టి చేపను నుజ్జు చేసేవాళ్లేనట, వారానికో మిరపకాయ పగిలి నేవీ వాళ్లు నీళ్ల కోసం లేచి నిలబడేవాళ్లట. శనివారం పొద్దున రా, పాస్‌పోర్టు తీసుకురా అంది. నిమ్మకాయలు కూడా అంది.

ఆ శనివారం మొదలు ఆమె రెస్టారెంటు మూసేదాకా అక్కడే పనిచేశాను. ఆమె నా వీసా, నేను ఆమె గరిటె. రమేశ్ జీతం పెరిగి నన్ను పెళ్లాంగా పెట్టుకునే అర్హత వచ్చేసరికి నేను అతని కంటే ముందే నా సొంత కాయితాల మీద ఇక్కడ పాతుకుపోయాను. మామ ఇంకొన్నేళ్లు పనిచేసి ఊరికి వెళ్లాడు, అత్త చేతి చేప తింటూ ఉన్నది కొద్దికాలమే. ఇప్పుడు ఇదే బిల్డింగులో మాకు రెండు పడక గదులు, ఓవెన్‌లో ఓవెన్ పనే. మా పక్క ఫ్లాటులో గుంటూరు అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికని వచ్చింది, భర్తను తన వీసా మీద తెచ్చుకుంది. అతను వంట చేస్తాడు, చేపను పలకలుగా ఫోన్లో తెప్పిస్తాడు, తలకాయ ఎలా ఉంటుందో చూడకుండానే మామిడికాయ, కొబ్బరిపాలు, అనాస అన్నీ వేసి దింపేస్తాడు, బాగానే ఉంటుంది. ఈ కథ చెప్తే వాళ్లకు నవ్వొచ్చింది, ఒక చేప కోసం ఇంతా అన్నారు. నేనూ నవ్వాను. వాళ్లు వచ్చిన దారిలో ఎవరూ చేప అడగలేదు, అది మంచిదే. నేను పెట్టిన పట్టు వాళ్లకు అక్కర్లేకపోవడం కోసమే పెట్టానని అనుకుంటే కాస్త గొప్పగా ఉంటుంది కాని, నిజానికి నేను నా కోసమే పెట్టాను.

ఆ శుక్రవారం సాయంత్రం సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు. మేడమ్ వెళ్లిపోయాక మామ అట్టపెట్టె తాడు తనే విప్పాడు. దుప్పటి తీసి మా మంచం మీద పరిచాడు. పొద్దుటి అనుమానం ఆ దుప్పటి కిందే ఎక్కడో ఉండిపోయింది. తరవాత ఆయన ఫోను కార్డు గీకి ఊరికి కలిపాడు. పక్కింటి ఫోనుకు అత్తను పిలిపించి, వినపడేలా ఫోనును స్పీకరులో పెట్టి మధ్యలో ఉంచాడు. కోడలు వస్తలేదు, ఇక్కడనే ఉంటదట, మేడమ్‌కు చేప వండి మెప్పించి వీసా దెచ్చుకున్నది అని, అదేదో తానే వండినట్టు, గంజు తిప్పుడు నేనే నేర్పిన గదా అని చెప్పుకొచ్చాడు. లైను కట్టయిందేమోనని రమేశ్ ఫోను చేతిలోకి తీసుకోబోయాడు. అప్పుడు అత్త గొంతు వినిపించింది, నన్నే అడిగింది.

"చేప వండితె ఆడ ఉండనిస్తరా బిడ్డా? పెండ్లయినప్పటిసంది నేను వండుతనే ఉన్న. నన్నెవ్వలు ఉండుమనలే."